ఏ కథానాయికతో ఆడాలి? గేమర్ల ఫిర్యాదులను బట్టి ఎంచుకునే పద్ధతి

స్త్రీ ప్రధాన పాత్రగా ఉన్న వీడియో గేమ్ ఒకటి కొనాలనుకునేవారికి ఈ రోజుల్లో ఎంపికకు కొదవ లేదు. చిక్కల్లా ఎక్కడంటే, ఏ గేమ్ గురించి వాకబు చేసినా ఆకాశానికెత్తేవారూ కనబడతారు, దుమ్మెత్తిపోసేవారూ కనబడతారు. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ సంగతే చూడండి. 2020 డిసెంబరులో ‘ది గేమ్ అవార్డ్స్’ వేడుకలో ఆ ఏటి మేటి గేమ్‌గా నిలిచిన ఈ ఆటకు, జూన్‌లో విడుదలైన రోజునే మెటాక్రిటిక్ అనే రేటింగుల వెబ్‌సైట్‌లో ఆటగాళ్లు వేలల్లో సున్నాలు వేశారు. ముగించడానికి ఇరవై గంటలు దాటే ఆటకు పూట గడవకముందే సున్నా వేసినవారు దాన్ని ఎంతవరకు ఆడి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆ మరుసటి నెలలోనే, కొత్త గేమ్ ఏదైనా విడుదలైన 36 గంటల తరవాతే ఆటగాళ్లు మార్కులు వేయగలిగేలా మెటాక్రిటిక్ తన నియమాన్ని మార్చుకోవలసి వచ్చింది.

అందువల్ల సగటు మార్కులను నమ్ముకుని డబ్బు పెట్టేకంటే, నచ్చనివారికి సరిగ్గా ఏది నచ్చలేదో తెలుసుకుని కొనడం మేలు. కథానాయికల మీద వచ్చే ఫిర్యాదులను ఓపికగా చదివితే అవి దాదాపుగా మూడు దారుల్లో పోతాయి. ఆమె ముఖం, ఒళ్లు, దుస్తులు బాగా లేవనేది ఒకటి. ఆమె మాటతీరు, స్వభావం, కథలో ఆమెకు జరిగే సంగతులు నచ్చలేదనేది మరొకటి. ఆమెను నడిపే పట్టును గేమ్ నా చేతిలోంచి లాక్కుందనేది ఇంకొకటి. మొదటి రకానికి గొంతు పెద్దది, విలువ తక్కువ. ఆట మొదలైన గంటకు అది ఎవరికీ గుర్తుండదు. రెండో రకం ఎవరి అభిరుచిని బట్టి వారికి తగులుతుంది. మూడో రకం మాత్రం ఎవరు చేసినా ఆగి వినదగ్గది, ఎందుకంటే పేరున్న గేమ్‌లు సైతం అభిమానుల దగ్గరే మాట పడింది అక్కడ.

ముందుగా సేమస్ ఆరన్

మూడో రకం ఫిర్యాదు బలమెంతో తెలియాలంటే నింటెండో వారి ‘మెట్రాయిడ్’ వరుసను చూడాలి. 1986లో వచ్చిన మొదటి గేమ్‌లో మనం నడిపేది తల నుంచి పాదం దాకా కవచం తొడుక్కున్న ఒక వేటగాణ్ణని అందరూ అనుకున్నారు. ఆంగ్లంలో అచ్చయి పెట్టెతోపాటు వచ్చిన పుస్తకం కూడా మగవాడన్నట్టే రాసింది. ఆటను తక్కువ సమయంలో ముగించినవారికి మాత్రం చివర కవచం తొలగి సేమస్ ఆరన్ స్త్రీ అని తెలిసింది. అప్పటికే ఆమె చేత్తో పేల్చి, ఆమె కాళ్లతో గెంతి, గ్రహమంతా తిరిగి వచ్చినవారికి ఇక అభ్యంతరం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. 2002 నాటి ‘మెట్రాయిడ్ ప్రైమ్’లో మనం నేరుగా ఆమె కళ్లతోనే చూస్తాం, ఎదురుగా ఏదైనా పేలి వెలుగు చిమ్మినప్పుడు శిరస్త్రాణం అద్దం మీద లోపలి వైపు ఆమె ముఖం లిప్తపాటు మెరిసి మాయమవుతుంది. సేమస్ గురించి ఒక్క మాటా చెప్పకుండానే ఆమె ఎవరో గుర్తుచేయడానికి ఆ మెరుపు సరిపోయింది.

2010లో ‘మెట్రాయిడ్: అదర్ ఎమ్’ వచ్చింది. అందులో సేమస్‌కు మునుపెన్నడూ లేనన్ని సంభాషణలు, మనసులోని మాటలు, ఆడమ్ మాల్కొవిచ్ అనే పాత అధికారితో అనుబంధం పెట్టారు. అతను అనుమతి ఇచ్చేదాకా తన దగ్గరున్న ఆయుధాలను వాడనని ఆమె ఒప్పుకుంటుంది. దాని ఫలితం ఆటలో ఇలా ఉంటుంది: నిప్పులు చెరిగే గదుల్లోకి ఆటగాడు ఆమెను తీసుకెళ్తాడు, తెర మీద ఆమె శక్తిని చూపే అంకె క్షణక్షణానికీ తరిగిపోతుంటుంది, వేడిని తట్టుకునే వేరియా సూట్ ఆమె ఒంటి మీదే సిద్ధంగా ఉంటుంది, అయినా ఆడమ్ సరే అనేదాకా దాన్ని పని చేయించదు. అభిమానుల కోపమంతా ఆ ఘట్టం చుట్టూ పోగైంది. వారు స్త్రీ పాత్ర అంటే గిట్టనివారు కారు. దాదాపు పాతికేళ్లుగా ఆమెను నెత్తిన పెట్టుకున్నవారు. తాము ఇన్నాళ్లూ నడిపిన సమర్థురాలిని కథ అవసరం కోసం అడుగడుగునా ఆనతి కోరేదాన్ని చేశారన్నదే వారి బాధ.

కాబట్టి మీ దగ్గర నింటెండో స్విచ్ కన్సోల్ ఉంటే ‘అదర్ ఎమ్’ జోలికి పోకుండా 2021 నాటి ‘మెట్రాయిడ్ డ్రెడ్’ తీసుకోండి. మొత్తం ఆటలో సేమస్ నోరు విప్పేది ఒక్కసారే, అదీ చోజో అనే గ్రహాంతర జాతి భాషలో. సంకెళ్లలో ఉన్న పాత శత్రువు క్రెయిడ్ మీదికొచ్చి గర్జిస్తుంటే ఆమె అంగుళం కదలకుండా నిలబడి, చేతి ఫిరంగిని నింపుకుని, తెరిచిన ఆ నోట్లోకే పేల్చే దృశ్యం చూస్తే ఆమె స్వభావం గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఒక హెచ్చరిక: వెంటాడే ఎమ్మీ యంత్రాల చేతికి చిక్కితే దాదాపు చావే, ఇక పెద్ద శత్రువులు తేలిగ్గా లొంగరు. ఫోన్ తెర మీద తప్ప కంట్రోలర్‌తో ఆడి ఎరగనివారికి ఇది తొలి గేమ్‌గా పనికిరాదు.

లారా బాధలు, ఏలోయ్ మాటలు

‘గంటల తరబడి ఎవరో ఒకరి వీపు చూడక తప్పనప్పుడు ఆడపిల్ల వీపే చూస్తాం’ అనేది మగ గేమర్ల మధ్య అరిగిపోయిన జోకు. దాన్ని విసుక్కోవచ్చు గానీ అందులో కొంత నిజం ఉంది: కెమెరా పాత్ర వెనక ఉన్నప్పుడు ఆటగాడు ఆమెను నడుపుతూనే ఆమెను చూసే ప్రేక్షకుడు కూడా అవుతాడు. చూపు ఉన్నచోట తీర్పు కూడా ఉంటుంది. అందుకే సేమస్‌కు ఎదురుకాని ప్రశ్నలు లారా క్రాఫ్ట్‌కు మొదటి రోజు నుంచీ ఎదురయ్యాయి. ఇంగ్లండ్‌లోని డెర్బీలో కోర్ డిజైన్ సంస్థ 1996లో ‘టూంబ్ రైడర్’ను తెచ్చినప్పుడు ప్రకటనలు ఆమె శరీరాన్ని అమ్మకానికి పెట్టాయి, ఆట లోపల మాత్రం ఆమె తొణకని, బెణకని సాహసి.

2013లో క్రిస్టల్ డైనమిక్స్ కథను మొదటికి తీసుకొచ్చి, 21 ఏళ్ల లారాను ఓడ మునిగి యమతాయ్ ద్వీపంలో చిక్కుకున్న అమ్మాయిగా చూపింది. విడుదలకు ముందు ఏడాది నిర్మాతల్లో ఒకరు, ఆటగాళ్లకు ఆమెను కాపాడాలనిపిస్తుందన్న అర్థంలో మాట్లాడి చీవాట్లు తిన్నారు. ‘మేము ఆమె అవ్వాలనుకుంటే మమ్మల్ని ఆమెకు కాపలా పెడతారేమిటి’ అన్నది విమర్శ సారం. గేమ్ ఆడినవారికి ఆ మాట తరచు గుర్తొస్తుంది కూడా. ఉరవడిగా పారే ఏట్లో కొట్టుకుపోతున్నప్పుడు ఒక్క క్షణం పక్కకు తప్పించడం మరిచారంటే మొనదేలిన లోహం ఆమె గొంతులోంచి దిగిపోతుంది. కెమెరా పక్కకు తిరగదు. తొలిసారి మనిషిని చంపినప్పుడు ఆమె వణికి ఏడుస్తుంది, ఆ వెంటనే ఆటగాడు డజన్లకొద్దీ శత్రువులను బాణాలతో నేలకూల్చవలసి వస్తుంది. ఆ రెంటికీ పొసగలేదన్న ఫిర్యాదు న్యాయమైనదే.

అయినా ఆ గేమ్‌ను నేను సిఫారసు చేస్తాను. ఆట సగం దాటాక చేతికి గ్రెనేడ్ లాంచర్ వచ్చినప్పుడు, అప్పటిదాకా దాక్కున్న లారా శత్రువులను పారిపొమ్మని కేకలేస్తూ వాళ్ల వెంటపడుతుంది. పడిన కష్టమంతా ఆ కేకలో తీరినట్టుంటుంది, ఆ మార్పు ఆటగాడి చేతుల మీదుగానే జరుగుతుంది. పన్నెండు గంటల లోపు ముగుస్తుంది, పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో సేల్ పెట్టినప్పుడు తరచు చౌకగా దొరుకుతుంది. 2015, 2018ల్లో వచ్చిన తరవాతి రెండు భాగాలను ఇది నచ్చితేనే చూడండి. 1996లో మొదలైన పాత వరుసలోని మొదటి మూడు గేమ్‌లను కలిపి 2024లో మెరుగుపరచి విడుదల చేసిన సంపుటి చిన్నప్పుడు వాటిని ఆడినవారికి మాత్రమే. కొత్తవారు ఆ పాతకాలపు కెమెరాతో గోడలకు గుద్దుకుంటూ గంట కూడా నిలవరు.

‘హొరైజన్ జీరో డాన్’లో ఏలోయ్ పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని గెరిల్లా గేమ్స్ 2017లో తెచ్చిన ఈ ఆటలో ఏలోయ్‌ను తెగ నుంచి వెలివేస్తారు, పసితనం నుంచే రాళ్లు రువ్వించుకుంటుంది, అయినా గేమ్ ఆమెను జాలిపడి చూడమని మనల్ని అడగదు. ఆమె మీద వచ్చిన గట్టి ఫిర్యాదు ఒక్కటే: తనలో తాను ఎక్కువ మాట్లాడుకుంటుంది. చిక్కుముడి ఉన్న గదిలో అడుగుపెట్టి నాలుగు వైపులా చూసేలోగానే ఏది తోయాలో, ఎక్కడ ఎక్కాలో ఆమే చెప్పేస్తుంది. 2022 నాటి ‘ఫర్బిడెన్ వెస్ట్’లో ఇది మరీ ముదిరి, సంచి నిండిన ప్రతిసారీ వస్తువును నిల్వకు పంపుతున్నానని చెప్పడం మొదలుపెట్టింది, ఆటగాళ్లు మొత్తుకోగా గెరిల్లా పాచ్ (సవరణ) విడుదల చేసి ఆ మాటలను తగ్గించింది. ఇది చూడడానికి రెండో రకం ఫిర్యాదులా ఉన్నా నిజానికి మూడో రకానిది. ఆమె వాగుడుకాయ కావడం కాదు బాధ, నేను ఆలోచించుకునే సందు లేకుండా చేయడం బాధ.

ఇవన్నీ పక్కన పెట్టి, ‘ఫర్బిడెన్ వెస్ట్’ దృశ్యాలు బయటికి వచ్చినప్పుడు అన్నింటికంటే గట్టిగా వినబడినది ఏలోయ్ బుగ్గలు లావయ్యాయని, చెంపల మీద నూగు కనబడుతోందని. కొత్త కన్సోల్ చూపగల సూక్ష్మతను చూసి ముచ్చటపడవలసిన చోట జరిగిన రాద్ధాంతం అది. గేమ్‌లో మీ ధ్యాస మీదికొచ్చే థండర్‌జా అనే భారీ యంత్రమృగం మీద ఉంటుంది. బాణాలతో దాని భుజం మీది డిస్క్ లాంచర్‌ను ఊడగొట్టి, కిందపడినదాన్ని ఎత్తి, దాంతో దాన్నే కొట్టి చూసినవారికి ఏలోయ్ బుగ్గలు ఎలా ఉన్నాయో గుర్తుండే అవకాశం లేదు. నాకు ఈ రెంటిలో ఏలోయ్ గేమే గొప్పదనిపిస్తుంది, కాని అది యాభై గంటల దాకా సమయం అడుగుతుంది. రోజుకు గంటకు మించి తీరిక లేని ఉద్యోగస్తులు లారాతో మొదలుపెట్టడమే నయం. పిల్లల కోసం చూసేవారు మరొకటి గమనించాలి: అమెరికా రేటింగ్ సంస్థ ‘హొరైజన్’ను పదమూడేళ్లు దాటినవారికి సరిపోతుందని అంటుంది, 2013 లారాను పదిహేడేళ్ల లోపువారికి వద్దంటుంది.

రూపం గురించే తీసిన గేమ్‌లూ ఉన్నాయి. జపాన్‌లో ప్లాటినమ్ గేమ్స్ 2009లో తెచ్చిన ‘బయొనెటా’, కొరియా సంస్థ షిఫ్ట్ అప్ 2024లో తెచ్చిన ‘స్టెల్లర్ బ్లేడ్’ ఆ కోవలోవి. ‘స్టెల్లర్ బ్లేడ్’లో దెబ్బను సరిగ్గా అదను చూసి అడ్డుకునే పోరాటం నిజంగా బాగుంటుంది, కథానాయిక ఈవ్ దుస్తుల గురించి జరిగిన గొడవలో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. బయొనెటాకు తన ఒళ్లు, తన చూపు, తన వెటకారం అన్నీ ఆయుధాలేనన్న ఎరుక ఉంది. ఈవ్‌కు అది కనబడదు, ఆమెకు బట్టలు తొడిగినవారికే ఉంది. ఆడేవారు పెద్దవారైతే అది వారి ఇష్టం. మన ఇళ్లలో కన్సోల్ ఉండేది హాల్లో టీవీ దగ్గర, ఎదురుగా సోఫాలో అమ్మమ్మ కూర్చుని ఉంటుందన్న సంగతి మాత్రం కొనే ముందు ఒకసారి తలచుకోవడం మంచిది.

పాత్రను మీరే ఎంచుకునే గేమ్‌లు

మన వైపు చాలామందికి గేమ్ అంటే ఫోన్లో బీజీఎమ్ఐయో, ఫ్రీ ఫైరో. అక్కడ ఆడ పాత్రను పెట్టుకోవడం దుస్తులు మార్చడంతో సమానం. కథ లేదు కాబట్టి ఆమె ఎవరన్న ప్రశ్నే రాదు. అక్కడి అలవాటును బట్టి తమకు కథానాయికలు నచ్చుతారనో, నచ్చరనో తేల్చుకున్నవారు ‘మాస్ ఎఫెక్ట్’ వంటిది ఆడాక మనసు మార్చుకోవడం మామూలే.

2007లో బయోవేర్ మొదలుపెట్టిన ఆ వరుసలో కమాండర్ షెపర్డ్ పురుషుడు కావాలా, స్త్రీ కావాలా అన్నది మీ ఇష్టం. మూడు గేమ్‌లను కలిపి 2021లో ‘లెజెండరీ ఎడిషన్’గా మళ్లీ విడుదల చేశాక బయోవేర్ ప్రకటించిన లెక్కల ప్రకారం 68 శాతం మంది పురుషుణ్ణి, 32 శాతం మంది స్త్రీని ఎంచుకున్నారు. తక్కువమంది ఎంచుకున్నా పేరెక్కువ వచ్చింది ఆడ షెపర్డ్‌కే, అందుకు కారణం జెనిఫర్ హేల్ గొంతు. బెదిరించడానికి, బుజ్జగించడానికి ఆమె స్థాయి పెంచదు. పదాన్ని కొద్దిగా నిలిపి పలుకుతుంది, అంతే. రాసిన సంభాషణ ఇద్దరికీ ఒకటే అయినా మగ షెపర్డ్ నోట అది ఆజ్ఞలా, ఈమె నోట నిర్ణయంలా వినబడుతుంది. మొదటి భాగం తుపాకి పోరు ఇప్పటి చేతులకు మొద్దుగా తగులుతుంది. ఆ పదిహేను, ఇరవై గంటలు ఓర్చుకోగలిగితేనే ఇది కొనండి.

యూబీసాఫ్ట్ 2018లో తెచ్చిన ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’లో కసాండ్రా, అలెక్సియోస్ అనే అక్కాతమ్ముళ్లలో ఒకరిని ఎంచుకోవాలి. మొదట్లో కసాండ్రా ఒక్కతే ప్రధాన పాత్రగా ఉండవలసిందని, స్త్రీ పాత్రలు అమ్ముడుపోవని పై అధికారులు పట్టుబట్టడంతో తమ్ముణ్ణి కూడా చేర్చారని 2020లో వార్తా కథనాలు వచ్చాయి. ఆడి చూస్తే నమ్మబుద్ధేస్తుంది. కసాండ్రా గొంతులో వెటకారం, ఆర్ద్రత పండినంతగా అలెక్సియోస్ గొంతులో పండలేదు. ఎంచుకునే తెర వచ్చినప్పుడు తటపటాయించకుండా కసాండ్రాను తీసుకోవాలన్నది నా సలహా. అయితే ఇద్దరికీ ఒకే కథ కావడంతో ఒక వింత మిగిలింది. స్త్రీలను బరిలోకి దిగనివ్వని ప్రాచీన ఒలింపిక్స్‌లో కసాండ్రా పాంక్రేషన్ కుస్తీకి దిగుతుంది, ఆడదానివి నీకిక్కడేం పనని అడ్డుకునే నాథుడే ఉండడు. కొందరికి అది హాయి, కొందరికి చరిత్రను తుడిచేసినట్టు. అడుగడుగునా ఆక్షేపణలు ఎదుర్కొని విసిగిన మహిళా గేమర్లు ఆ హాయినే మెచ్చుకోవడం నాకు సబబుగానే తోచింది.

ఈ గేమ్‌కు మూడో రకం దెబ్బ 2019 జనవరిలో డీఎల్‌సీ (అసలు గేమ్‌కు విడిగా చేర్చే అదనపు కథ) రూపంలో తగిలింది. అప్పటిదాకా ప్రేమ ఎవరితో, అసలు ప్రేమ కావాలా వద్దా అన్నది పూర్తిగా మీదేనని చెప్పిన గేమ్, ‘లెగసీ ఆఫ్ ద ఫస్ట్ బ్లేడ్’లో మీరు ఏం ఎంచుకున్నా సరే ఒక సంబంధంలోకి నెట్టి బిడ్డను చేతిలో పెట్టింది. కసాండ్రాను కేవలం స్త్రీలనే ప్రేమించే వ్యక్తిగా డెబ్బై, ఎనభై గంటలపాటు మలుచుకున్నవారు భగ్గుమన్నారు. యూబీసాఫ్ట్ క్షమాపణ చెప్పి, కొన్ని సంభాషణలను, ‘గ్రోయింగ్ అప్’ అన్న ట్రోఫీ పేరును మార్చింది. సేమస్‌ను ఆడమ్ ఆనతి కోసం నిలబెట్టినప్పుడు వచ్చిన కోపమూ ఇదీ ఒకటే. అసలు గేమ్ కొనండి, ఆ డీఎల్‌సీని వదిలేయండి.

పారిస్ సంస్థ డోంట్‌నాడ్ 2015లో తెచ్చిన ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ కూడా ఈ వరుసలోనే చెప్పుకోవాలి. కథానాయికను అబ్బాయిగా మారిస్తేనే ప్రచురిస్తామన్న సంస్థలను కాదని, మార్చమనకుండా ఒప్పుకున్న స్క్వేర్ ఎనిక్స్‌తో వారు వెళ్లారు. కాలాన్ని వెనక్కి తిప్పగల మ్యాక్స్ అనే విద్యార్థిని కథ ఇది; పోరాటాలు లేవు, మాటలే. ఐదు భాగాల పొడుగునా చేసిన ఎంపికలను చివర ఒకే ఒక్క ఎంపిక మింగేసిందని దీని మీద ఫిర్యాదు. మొదటి భాగం ఉచితం కాబట్టి అడగనక్కర్లేదు, ఆడి చూడవచ్చు.

ఎలీ, యాబీ

నాటీ డాగ్ వారి ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ గురించి వేరుగా చెప్పాలి. కథలోని కీలక మలుపులు తెలియకుండా ఆడదలచినవారు ఈ భాగాన్ని దాటేయవచ్చు. 2025లో టీవీ సిరీస్ రెండో సీజన్ చూసినవారికి వాటిలో కొన్ని ఎలాగూ తెలిసినవే.

2020 ఏప్రిల్‌లోనే కథ లీకైంది. దాంతో కథానాయిక ఎలీ ఆప్తుణ్ణి చంపే యాబీ అనే పాత్రను చూడకముందే ద్వేషించేవారు తయారయ్యారు. ఆమె కండలు చూసి ఆడదానికి అలాంటి ఒళ్లు సాధ్యం కాదని వాదించారు. యాబీ ఉండే సియాటిల్ స్టేడియంలో గేమ్ ఏకంగా ఒక జిమ్‌నే చూపించినా వారు ఒప్పుకోలేదు. యాబీకి గొంతునిచ్చిన లారా బెయిలీకి ఏకంగా చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి, ఆమె వాటిని బయటపెట్టింది. పాత్ర చేసిన పనికి నటిని బాధ్యురాలిని చేసిన ఆ తంతును విమర్శ అనలేం. దాన్ని చూసి ఈ గేమ్ మీద వచ్చిన అసంతృప్తి అంతా ద్వేషమేనని కొట్టిపారేయడం మాత్రం పొరపాటు.

ఎందుకంటే, ఇందులో పట్టు లాక్కోవడం పొరపాటున జరగలేదు. ప్రతీకారంతో రగిలిపోతున్న ఎలీ ఒక గదిలో తనకు చిక్కిన స్త్రీని కొట్టి నిజం రాబట్టాలి. తెర మీద స్క్వేర్ బటన్ గుర్తు వెలుగుతుంది, దాన్ని నొక్కితే తప్ప ఆట ముందుకు కదలదు. నొక్కనని భీష్మించుకుని కూర్చుంటే దృశ్యమూ అలాగే నిలిచిపోతుంది. ఆ తరవాత, ఆట సగానికి వచ్చి ఉద్రిక్తత తారస్థాయికి చేరినచోట, కంట్రోలర్ యాబీ చేతికి మారుతుంది, మూడు రోజుల కథ మళ్లీ మొదటి నుంచి ఆమె వైపు నుంచి సాగుతుంది. చివరికి మీరు ఇన్నాళ్లూ ప్రేమించిన ఎలీనే యాబీగా వెంటాడి కొట్టవలసి వస్తుంది. నాకు ఇది ఆ గేమ్ సాహసమనిపించింది. అయితే ‘నేను చేయనన్న పనిని నా వేళ్లతో చేయించి, ఆ పైన నన్నే తప్పు పడతారా’ అని గేమ్ ఆపేసినవారి మాటలోనూ న్యాయం ఉంది. లారా బాధ చూసి తట్టుకోగలిగారు కాబట్టి ఇదీ తట్టుకోగలమనుకోకండి. అక్కడ మీరు జాలిపడేవారు, ఇక్కడ మీరు చేసేవారు.

ఆట కష్టమవుతుందేమోనన్న భయంతో మాత్రం వెనకాడనక్కర్లేదు. చూపు, వినికిడి, చేతుల కదలికలో ఇబ్బందులు ఉన్నవారి కోసం అరవైకి పైగా సెట్టింగులు ఇందులో ఉన్నాయి, కొత్తవారు కూడా వాటిని వాడుకుని తేలిగ్గా నడపవచ్చు.

బరువైన కథే కావాలి గానీ ఇంత క్రౌర్యం వద్దనుకునేవారికి కేంబ్రిడ్జ్‌లోని నింజా థియరీ 2017లో తెచ్చిన ‘హెల్‌బ్లేడ్: సెన్యువాస్ శాక్రిఫైస్’ ఉంది, అది కూడా సుకుమారమైనదేమీ కాదు. సైకోసిస్ అనే మానసిక రుగ్మతతో బాధపడే సెన్యువా తలలో వినిపించే గొంతులు హెడ్‌ఫోన్లలో మీ చెవుల చుట్టూ తిరుగుతాయి. తెర మీద ప్రాణాల గీత గానీ, శత్రువు గుర్తు గానీ ఉండవు. వెనక నుంచి దెబ్బ వస్తుంటే ఆ గొంతుల్లోనే ఒకటి హెచ్చరిస్తుంది. ఆమెను వేధించేవే ఆమెను కాపాడతాయి. కేంబ్రిడ్జ్ ఆచార్యుడు పాల్ ఫ్లెచర్ సలహాతో తీసిన ఈ గేమ్‌లో సెన్యువాగా నటించిన మెలీనా యుర్గెన్స్ అంతకుముందు అదే సంస్థలో వీడియో ఎడిటర్. పోరాటంలో వైవిధ్యం తక్కువన్న ఫిర్యాదు నిజమే, ఏడెనిమిది గంటల ఆటకు అది పెద్ద లోటు కాదు. స్వయంగా అలాంటి అనుభవాలు ఉన్నవారు, దగ్గరివారిలో చూసినవారు ఆలోచించుకుని తీసుకోవాలి.

మన దగ్గరి కథానాయికలు

పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2017లో కిక్‌స్టార్టర్ ద్వారా చందాలు అడిగి విఫలమై, మూడేళ్ల తరవాత ‘రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్’ను విడుదల చేసింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలును వెతుక్కుంటూ వెళ్లే రాజీకి దుర్గ త్రిశూలం ఇస్తుంది. ఆ పిల్ల ఈ పని చేయగలదా అని దుర్గ, విష్ణువు పైనుంచి మాట్లాడుకోవడమే కథనం. నడుమ నడుమ కథను తోలుబొమ్మల నీడలతో చెబుతారు. నిమ్మలకుంట బొమ్మలు చూసినవారికి ఆ ఘట్టాలు సొంతవిగా తోస్తాయి. కెమెరా చాలా దూరంలో, స్థిరంగా ఉంటుంది. రాజీ చిన్నగా, చుట్టూ కోటలు పెద్దగా కనబడతాయి. అందుకే ఆమె రూపం గురించి ఎవరూ కొట్లాడుకోలేదు, ఆమె మనసు కూడా అంత దగ్గరకు రాలేదు. నాలుగైదు గంటల్లో ముగుస్తుంది, ముగింపు చటుక్కున తెగినట్టుంటుంది. మనవాళ్లు తీశారన్న అభిమానంతో కొనేవారు ఈ లోపాలు తెలిసే కొనాలి.

దానికంటే నన్ను కట్టిపడేసింది టొరాంటోలోని విసై గేమ్స్ 2023లో తెచ్చిన ‘వెణ్బా’. కథ 1988లో మొదలవుతుంది. కెనడాకు వలస వెళ్లిన తమిళ ఇల్లాలు ఇందులో కథానాయిక. ఆమెకు కత్తి లేదు, తల్లి రాసిచ్చిన వంటల పుస్తకం ఉంది, అక్కడక్కడా అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. మొదటి వంట ఇడ్లీ. పళ్లేలను ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చాలన్న వాక్యం చెరిగిపోయింది. కింది పళ్లెంలో ఇడ్లీ ఉన్నచోటికి పై పళ్లెంలో ఏది రావాలో మీరే కనిపెట్టాలి. తెలుగు ఇంట్లో పుట్టినవారికి ఆ సమస్య కంట్రోలర్ పట్టుకోకముందే తెలుసు. బడిలో కెవిన్ అనిపించుకునే కొడుకు కవిన్ తల్లి మాటకు ఆంగ్లంలో జవాబివ్వడం మొదలుపెట్టాక ఆట బరువు మారుతుంది. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో పిల్లల్ని పెంచుతున్నవారు దీన్ని పిల్లలతో కలిసి ఆడితే మంచిదే, కొంచెం గొంతు పట్టుకుంటుంది. రెండు గంటల లోపే అయిపోతుందన్నది దీని మీద ఉన్న ఒకే ఒక్క పెద్ద ఫిర్యాదు. పూర్తి ధర పెట్టేకంటే సేల్‌లో తీసుకోండి.

కొన్నాక నచ్చకపోతే

స్టీమ్‌లో కొన్న గేమ్‌ను పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే తిరిగి ఇచ్చి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. లారా విషయంలో ఆ వ్యవధి సరిపోతుంది. తొలి హత్య, ఒళ్లు గగుర్పొడిచే చావులు కొన్ని ఆలోగానే ఎదురవుతాయి. సెన్యువా గొంతులను మీరు భరించగలరో లేదో అరగంటలో తేలిపోతుంది. ఏలోయ్ స్వగతాలు మొదటి రెండు గంటల్లో పూర్తిగా తెలియవు, ఎందుకంటే ఆ సమయంలో చాలా భాగం ఆమె బాల్యానికే పోతుంది. ఆమె మీద అనుమానం ఉన్నవారు సేల్ కోసం ఆగాలి. ‘వెణ్బా’ను ముగించి తిరిగి ఇవ్వడం సాంకేతికంగా సాధ్యమే గానీ అలాంటి పని చేయకండి. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలైతే, గేమ్‌లోనే లోపం ఉంటే తప్ప డబ్బు తిరిగి రాదు, కాబట్టి అక్కడ కొనేవారు ముందే తేల్చుకోవాలి. ఇక ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’కు ఏ వ్యవధీ అక్కరకు రాదు; మీకు నచ్చకపోయేదేదైనా ఉంటే అది ఎదురయ్యేది పది గంటల తరవాతే. మిత్రుల దగ్గర డిస్కు ఉంటే అడిగి తెచ్చుకుని, యాబీ చేతికి కంట్రోలర్ వచ్చిన తరవాత కూడా గంటసేపు ఆడి, అప్పుడు సొంతానికి కొనాలో వద్దో నిర్ణయించుకోండి.